కలిగిరి గోడ మీద కర్నల్ నాయుడు

లండన్‌లోని లార్డ్స్ మైదానం వాళ్ల దగ్గర దాదాపు మూడు వేల క్రికెట్ చిత్రాలున్నాయి. వాటిని చూసి చేత్తో గీసే నకళ్లకు ఒక చరిత్ర ఉంది, ఒక పద్ధతి ఉంది. మన నెల్లూరు మెట్టలో కలిగిరి లాంటి ఊళ్లలో బోర్డులు రాసిన చేతులకు ఆ పద్ధతి కొత్త కాదు. గీయవలసిన మనవాళ్లకూ కొదవ లేదు.

ఇంగ్లండులో కెంట్ అనే కౌంటీ ఉంది. 1906లో ఆ జట్టు మొట్టమొదటిసారి కౌంటీ ఛాంపియన్ అయింది. ఆ గెలుపును పదికాలాలపాటు దాచుకోవాలని క్లబ్బు వాళ్లు ఆల్బర్ట్ షెవాలియె టేలర్ అనే చిత్రకారుణ్ని పిలిపించారు. ఏం గీయాలో క్లబ్బు పెద్దమనిషి లార్డ్ హ్యారిస్ ముందే చెప్పేశాడు. మైదానం కాంటర్‌బరీ కావాలి, బంతి వేస్తున్నది కోలిన్ బ్లైత్ కావాలి. టేలర్ ఆ సీజన్‌లో లాంకషైర్‌తో జరిగిన మ్యాచ్‌ను ఎంచుకున్నాడు. కెంట్ ఆటగాళ్లు ఒక్కొక్కరే వెళ్లి ఆయన ఎదుట నిలబడ్డారు. కాబట్టి ఆ బొమ్మలో కెంట్ ఆటగాళ్ల ప్రతి ముఖమూ ఒక నిజమైన మనిషిదే. ఎడమచేతి వాటం స్పిన్నర్ బ్లైత్ బంతి వేయబోతున్నాడు. అవతల లాంకషైర్ బ్యాటర్ జానీ టిల్డెస్లీ కాచుకుని ఉన్నాడు. 1907లో బొమ్మ పూర్తయింది. పదేళ్లు తిరిగేసరికి, 1917 నవంబరులో, బ్లైత్ మొదటి ప్రపంచ యుద్ధంలో బెల్జియంలో చనిపోయాడు.

2006లో కెంట్ క్లబ్బు ఆ బొమ్మను వేలంలో అమ్మేసింది. ఆరు లక్షల పౌండ్లు దాటి పలికింది. క్రికెట్ బొమ్మకు అంత ధర అప్పటికి కనీవినీ ఎరగనిది. కొన్నవాళ్లు దాన్ని లార్డ్స్‌లో చూపడానికి ఇచ్చారు. అలా కాంటర్‌బరీ బొమ్మ కాంటర్‌బరీ వదిలి లండన్ చేరింది.

అసలు బొమ్మ ఎప్పుడూ ఒక్కచోటే ఉంటుంది. ఆ ఒక్కచోటికి వెళ్లలేనివాళ్ల కోసమే నకలు. లండన్ వెళ్లలేని కాంటర్‌బరీ ముసలాయనకు అది ఎంత అవసరమో, లార్డ్స్ పేరు టీవీలో తప్ప వినని కలిగిరి కుర్రాడికి అంతకంటే ఎక్కువ అవసరం. ఈ కథనం ఆ కుర్రాడి కోసం.

రెండే కర్రల వికెట్

పాత క్రికెట్ బొమ్మలు అందం కోసమే చూసేవి కావు. అవి సాక్ష్యాలు. ఫ్రాన్సిస్ హేమన్ అనే చిత్రకారుడు 1740లలో లండన్ మేరిల్‌బోన్ పొలాల్లో జరిగే క్రికెట్‌ను గీశాడు. ఆ కాలపు బొమ్మ ఏది చూసినా వికెట్ దగ్గర మూడు కర్రలుండవు, రెండే ఉంటాయి. వాటి మీద అడ్డంగా ఒక పుల్ల. బ్యాటు కింది కొస హాకీ కర్రలా వంగి ఉంటుంది. బంతిని భుజం పైనుంచి కాకుండా చేతిని కిందికి దించి నేల వెంట దొర్లించేవాళ్లు. నేల మీద వచ్చే బంతిని ఊడ్చి కొట్టాలంటే వంకర బ్యాటే సరి. తర్వాత బౌలర్లు బంతిని గాల్లో వేసి నేల మీద పడేట్టు చేయడం మొదలుపెట్టాక బ్యాటు తిన్నగా మారింది.

మూడో కర్ర ఎలా వచ్చిందో కూడా చెప్పుకోవాలి. 1775లో ఒక మ్యాచ్‌లో లంపీ స్టీవెన్స్ అనే బౌలర్ వేసిన బంతి మూడుసార్లు జాన్ స్మాల్ వికెట్ మధ్యగా దూసుకుపోయింది. రెండు కర్రల నడుమ ఖాళీ ఉండబట్టి వికెట్ పడలేదు, స్మాల్ బతికిపోయాడు. ఇది అన్యాయమని అందరూ ఒప్పుకోవడంతో నడుమ కర్ర వచ్చి చేరింది. కాబట్టి పాత బొమ్మ ఎదురైనప్పుడు కర్రలు లెక్కపెడితే దాని కాలం ఏదో సుమారుగా తెలిసిపోతుంది. నకలు గీసేవాడు తెలియక మూడో కర్ర కలిపాడా, ఆ బొమ్మ చెప్పే సాక్ష్యం చెడిపోయినట్టే. నకలు పనికి మొదటి నియమం ఇదే. నచ్చినట్టు దిద్దడం కాదు, ఉన్నది ఉన్నట్టు దించడం.

ఎండాకాలం చెరువు ఎండితే మన పిల్లలు చేసే పని కూడా ఇదే కదా. దొరికిన రెండు పుల్లలు పాతి, కొబ్బరి మట్ట చెక్కుకుని ఆడేస్తారు. మూడో పుల్ల లేనందుకు తగువు వస్తుంది, బంతి మధ్యగా పోయిందా పక్కగా పోయిందా అని. 1775లో ఇంగ్లండు పెద్దమనుషులకు వచ్చిన తగువూ అదే. హేమన్ బొమ్మ నకలు ఒకటి బడి గోడ మీద ఉంటే ఆ పిల్లలకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు, వాళ్లే చూసి తెలుసుకుంటారు.

జరగని మ్యాచ్‌ను గీసినవాళ్లూ ఉన్నారు. 1887లో లార్డ్స్ మైదానం నడిపే మేరిల్‌బోన్ క్రికెట్ క్లబ్బుకు, అంటే ఎం.సి.సి.కి, నూరేళ్లు నిండాయి. ఆ సందర్భంలో బారబుల్, స్టేపుల్స్ అనే ఇద్దరు చిత్రకారులు కలిసి లార్డ్స్‌లో ఇంగ్లండు, ఆస్ట్రేలియా ఆడుతున్నట్టు పెద్ద బొమ్మ వేశారు. బొమ్మ పేరులోనే ఇది ఊహ అని చెప్పేశారు. మనుషులు నిజం, మైదానం నిజం, ఆ ఆట మాత్రం వాళ్లు అల్లుకున్నది. ఈ సంగతి ముందు ముందు మనకు అక్కరకొస్తుంది.

కాలిపోయిన నకళ్లు, మిగిలిన నకళ్లు

నకలంటే చిన్నచూపు చాలామందికి. చూసి గీసిందేగా, అంటారు. ఆ మాట అనేముందు అజంతా కథ వినాలి. అజంతా గుహలు నిజాం రాజ్యంలో ఉండేవి. ఆ గోడల మీది బొమ్మలను దించమని ఈస్టిండియా కంపెనీ 1844లో మద్రాసు సైన్యానికి చెందిన రాబర్ట్ గిల్‌ను పంపింది. మన నెల్లూరు ఆ రోజుల్లో మద్రాసు రాజధానిలోదే. గిల్ ఏళ్ల తరబడి ఆ గుహల్లోనే పనిచేశాడు. ఆయన కాన్వాసులు లండన్ క్రిస్టల్ ప్యాలెస్‌లో పెట్టారు. 1866లో అక్కడ మంటలు లేచి చాలావరకు బూడిదయ్యాయి. తర్వాత బొంబాయి ఆర్ట్ స్కూల్‌కు చెందిన జాన్ గ్రిఫిత్స్ 1872 నుంచి తన విద్యార్థులతో మళ్లీ మొదటినుంచీ గీయించాడు. అవి లండన్ సౌత్ కెన్సింగ్టన్‌లో ఉండగా 1885లో ఇంకో అగ్నిప్రమాదం. వందకు పైగా పోయాయి.

అయినా ఎవరూ ఆగలేదు. 1909లో లేడీ హెరింగ్‌హామ్ వచ్చింది. ఆమె వెంట బెంగాల్ నుంచి నందలాల్ బోస్ వంటి కుర్ర చిత్రకారులూ, హైదరాబాదు నుంచి సయ్యద్ అహ్మద్ కూడా ఉన్నారు. 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీని అధిపతిని చేశాక సయ్యద్ అహ్మద్ అజంతాకే అంకితమయ్యాడు. ఆయన గీసిన నకళ్లు హైదరాబాదు పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో ఈనాటికీ ఉన్నాయి. గుహల్లో పెచ్చులూడి, మసకబారి పోతున్న రేఖలను ఆ నకళ్లలో వెతుక్కోవలసి వస్తుంది. అసలు అరిగిపోతున్న కొద్దీ నకలు విలువ పెరుగుతుంది. తెలుగు నేల మీదే, చిరుతిండి కొనుక్కుని తిరిగే తోట మధ్యలో, ఇంత గొప్ప నకలు సంపద ఉందని మనలో ఎందరికి తెలుసు? హైదరాబాదు వెళ్లినవాళ్లు చార్మినార్ చూసి వచ్చేస్తారు. ఈసారి వెళ్తే ఆ మ్యూజియంలోనూ ఒక పూట గడపండి.

గళ్లు కొట్టే చేతులు

ఇక మన వైపు సంగతి. కావలి, వింజమూరు, ఉదయగిరి, ఆత్మకూరు, కలిగిరి. ఈ మెట్ట ఊళ్లలో బస్టాండు సెంటరు అంటే ఒకప్పుడు చేత్తో రాసిన బోర్డుల వరస. ఎరువుల కొట్టు, టైలరు షాపు, ఆయిల్ మిల్లు, డాక్టరు గారి పేరు, అన్నీ ఒకరిద్దరు ఆర్టిస్టుల చేతి మీదుగా వచ్చినవే. అక్షరం చూస్తే ఎవరి చేయో ఊళ్లోవాళ్లు చెప్పేవాళ్లు. సంక్రాంతి దగ్గర పడితే ఆర్టిస్టు ఇంటి ముందు జనం.

"ఏందన్నా, మా బోర్డు ఇంకా కాలా?"

"తొందర పెట్టబాక అబ్బయా, రెండో కోటింగు ఆరాల."

ఆ ఆర్టిస్టుల దగ్గర ఉన్న పద్ధతి, లండన్‌లో పెద్ద బొమ్మను నకలు తీసే చిత్రకారుడి దగ్గరున్న పద్ధతి ఒకటే. చిన్న ఫొటో తీసుకుంటారు. దాని మీద పెన్సిలుతో సమానంగా గళ్లు కొడతారు. అరంగుళం గడి అనుకుందాం. గోడకు లప్పం పెట్టి, సాన పట్టి, తెల్లరంగు పూసి ఆరనిస్తారు. రంగుపొడి పట్టించిన దారాన్ని ఇద్దరు చెరో కొసన బిగించి పట్టుకుంటారు. నడుమ లాగి వదిలితే గోడ మీద తిన్నని గీత పడుతుంది. అలా అడుగు గళ్లు కొడతారు. ఫొటోలో మూడో వరస, ఐదో గడిలో కనుబొమ మొదలైతే గోడ మీదా అక్కడే మొదలవ్వాలి. కంటితో కాక గడితో కొలవడం వల్ల ముక్కు పక్కకు పోదు, దవడ సాగదు. ఔట్‌లైన్ అయ్యాక ముదురు నీడలు, తర్వాత నడిమి రంగు, చివర వెలుగు. కంట్లో తెల్లచుక్క అన్నింటికంటే ఆఖరున పెడతారు. అది పడితే ముఖానికి ప్రాణం వస్తుంది.

క్రికెట్ బొమ్మలో కష్టమంతా తెలుపులో ఉంది. ఆటగాళ్లు తెల్లబట్టల్లో ఉంటారు కదా అని డబ్బాలోంచి తీసిన తెలుపు పూస్తే మనిషి కాగితం కత్తిరించి అతికించినట్టు ఉంటాడు. టేలర్ బొమ్మల కాలంలో ప్యాంట్లు ఫ్లానెల్ గుడ్డవి, మీగడ రంగు. ఎండ పడిన చోట ఆ మీగడకు కాస్త పసుపు తగలాలి. మోకాలి వెనక నీడలో కాస్త నీలం, కింద పచ్చిక మెరుపు తగిలే చోట లేత ఆకుపచ్చ. అసలైన తెలుపు భుజం మడత దగ్గరో కాలరు అంచునో ఒక్క గీత చాలు. ఇది పుస్తకంలో చదివితే రాదు, ఒక బొమ్మను చూసి దించితేనే చేతికి వస్తుంది. ఎన్నో చిత్రకళ బడుల్లో శతాబ్దాలపాటు నకలుతోనే చదువు మొదలైంది అందుకే.

రెండు వేల సంవత్సరం దాటాక ఫ్లెక్సీ యంత్రం వచ్చి ఈ చేతుల్ని పక్కకు నెట్టేసింది. గంటలో బోర్డు చేతికొస్తుంటే రెండో కోటింగు ఆరేదాకా ఎవరు ఆగుతారు? కొందరు ఆర్టిస్టులు ఇళ్లకు రంగులేసే పనిలో పడ్డారు, కొందరు వేరే ఊళ్లకు పోయారు. 2022 ఆగస్టులో విశాఖలో అప్పటి ముఖ్యమంత్రి ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధం ప్రకటించినప్పుడు ఈ చేతులకు మళ్లీ పని వస్తుందని ఆశ పుట్టింది. కూడళ్లలో ఇప్పుడు వేలాడుతున్నవి చూస్తే ఆ ఆశ ఏమైందో తెలుస్తుంది. మన పక్కనే ఉదయగిరి చెక్క చెంచాలు చేసేవాళ్లకు భౌగోళిక గుర్తింపు వచ్చింది, లోకం వాళ్ల వైపు చూసింది. గోడ మీద రంగులేసే చేతికి మాత్రం ఏ గుర్తింపూ లేదు. ఇది అన్యాయం.

ఎవర్ని గీయాలి?

ఇంగ్లండువాళ్ల బొమ్మల నకళ్లతోనే ఆగిపోవాలని నేననడం లేదు. లార్డ్స్‌లో మనవాళ్ల చిత్రాలు ఎన్నున్నాయో చూడండి. 2025 జూలైలో సచిన్ టెండూల్కర్ చిత్రాన్ని అక్కడి మ్యూజియంలో ఆవిష్కరించారు. స్టువర్ట్ పియర్సన్ రైట్ అనే చిత్రకారుడు అల్యూమినియం పలక మీద ఆయిల్ రంగులతో వేశాడు. దాదాపు 300 ముఖచిత్రాలున్న ఆ సేకరణలో భారత ఆటగాళ్లవి సచిన్‌తో కలిపి ఐదు. మిగతా చరిత్ర మనమే గీసుకోవాలి.

మొదట గీయవలసినవాడు కొఠారి కనకయ్య నాయుడు, అంటే సి.కె. నాయుడు. పుట్టింది 1895లో నాగపూర్‌లో. తెలుగు కుటుంబం, పూర్వీకులది మచిలీపట్నం. ఇందోర్ హోల్కర్ సంస్థానం సైన్యంలో కర్నల్. 1926 డిసెంబరు 1న బొంబాయి జింఖానాలో ఇంగ్లండు నుంచి వచ్చిన ఆర్థర్ గిల్లిగన్ ఎం.సి.సి. జట్టు మీద రెండు గంటలలోపే 153 పరుగులు చేశాడు. అందులో సిక్సర్లే 11. ఆ ఆట చూసి ఎం.సి.సి. వాళ్లే వెండి బ్యాటు బహూకరించారు. 1932 జూన్ 25న లార్డ్స్‌లో భారత జట్టు మొదటి టెస్టుకు దిగినప్పుడు ముందు నడిచిన కెప్టెన్ ఆయనే. ఫీల్డింగులో చేతికి దెబ్బ తగిలినా మొదటి ఇన్నింగ్స్‌లో మన జట్టులో అందరికంటే ఎక్కువగా 40 పరుగులు చేశాడు. అదే పర్యటనలో ఎడ్జ్‌బాస్టన్‌లో కొట్టిన సిక్సరు రియా ఏటిని దాటిపోయింది. అప్పట్లో ఆ ఏరే రెండు కౌంటీలకు హద్దు. వార్విక్‌షైర్‌లో కొట్టిన బంతి వూస్టర్‌షైర్‌లో పడిందన్నమాట. 1933లో విజ్డెన్ అనే క్రికెట్ వార్షిక పుస్తకం ఏడాది మేటి ఐదుగురిలో ఆయన్ను చేర్చింది. ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన 1953-54 సీజన్‌లో ఆంధ్ర జట్టు రంజీ ట్రోఫీలో అడుగుపెడితే, 58 ఏళ్ల వయసులో ఆ జట్టుకు కూడా ఆడాడు.

ఈ మనిషి ఫొటోలు నలుపు తెలుపువి. ఏరు దాటిన ఆ సిక్సరును రంగుల్లో చూడాలంటే చిత్రకారుడే గీయాలి. 1887 నాటి ఇంగ్లండు చిత్రకారులు జరగని మ్యాచ్‌నే ఊహించి గీశారు. జరిగిన సిక్సరును ఊహించి గీయడానికి మనకెందుకు సంకోచం? ఏరు, అవతలి ఒడ్డు చెట్లు, పైకి చూస్తున్న ఫీల్డర్లు, కొట్టడం అయిపోయి బ్యాటు ఇంకా భుజం మీదే ఉన్న పొడవాటి మనిషి. ఏ ఆర్టిస్టయినా ఇష్టపడి గీసే బొమ్మ అది.

రెండోది 1936 జూలై, మాంచెస్టర్ టెస్టు. ఆ రోజు మైదానంలోకి దిగిన పదకొండు మందిలో తెలుగు మూలాలున్నవాళ్లు నలుగురు. కెప్టెన్ విజయనగరం మహరాజకుమార్ విజ్జీ, సి.కె. నాయుడు, ఆయన తమ్ముడు సి.ఎస్. నాయుడు, కోటా రామస్వామి. ఇది చదివే దాకా మీకు తెలియకపోతే తప్పు మీది కాదు. ఏ గోడ మీదా ఎవరూ గీయలేదు మరి.

వీళ్లలో కోటా రామస్వామి కథ వేరు. దక్షిణాదిలో క్రికెట్‌కు ఆద్యుడని చెప్పుకునే మద్రాసు బుచ్చిబాబు నాయుడి కొడుకాయన. తాతగారింటికి దత్తు వెళ్లడంతో ఇంటిపేరు మారింది. 1922లో భారతదేశం తరఫున డేవిస్ కప్ టెన్నిస్ ఆడాడు. పద్నాలుగేళ్ల తర్వాత, నలభై ఏళ్ల వయసులో, మాంచెస్టర్‌లో మొదటి క్రికెట్ టెస్టు ఆడి 40, 60 పరుగులు చేశాడు. రెండు ఆటల్లోనూ దేశానికి ఆడినవాళ్లు ఎందరుంటారు? 1985లో, తొంభై దగ్గరపడుతున్న వయసులో, మద్రాసులో ఇంటినుంచి బయటికి వెళ్లి మళ్లీ తిరిగి రాలేదు. ఏమయ్యాడో ఈనాటికీ తెలియదు.  అలాంటి మనిషి ముఖం ఒక తెలుగు ఊరి గోడ మీద ఉండాలని నాకు గట్టిగా ఉంది.

గీయించేవాళ్లకు నాలుగు మాటలు

చట్టం సంగతి ముందు చెప్పాలి. మన దేశంలో చిత్రకారుడు చనిపోయిన తర్వాత 60 ఏళ్ల వరకు ఆయన బొమ్మల మీద హక్కు వారసులది. హేమన్ 1776లో పోయాడు, టేలర్ 1925లో. వాళ్ల బొమ్మలు నిశ్చింతగా దించుకోవచ్చు. సి.కె. ఫొటో ఏదైనా వాడేముందు దాని గడువు తీరిందో లేదో చూసుకోండి. సచిన్ కొత్త చిత్రం మాత్రం అనుమతి లేకుండా దించకూడదు.

నకలును అసలుగా నమ్మించడం మోసం. పారిస్ లూవ్ర్ మ్యూజియంలో నకలు గీసుకోవడానికి అనుమతిస్తారు గానీ అసలు కొలతలో గీయనివ్వరు, అసలు చిత్రకారుడి సంతకం దించనివ్వరు. మనమూ అదే పాటిద్దాం. కింద ఒక మూల "ఫలానా బొమ్మ చూసి గీసినది" అని రాసి, గీసిన మన ఆర్టిస్టు తన పేరు, ఊరు, సంవత్సరం వేయాలి. ఊరి పేరు తప్పకుండా ఉండాలి.

ఇంటికో ఆఫీసుకో కాన్వాసు మీద చేత్తో వేసిన నకలు కొనేవాళ్లు ఒకటి గమనించండి. కాన్వాసు మీద యంత్రంతో ముద్రించి, పైన జిగురు పూసి బ్రష్షు గీతల్లా చూపించి అమ్మేవాళ్లున్నారు. బొమ్మను పక్క వెలుతురులో వంచి చూడండి. చేత్తో వేసిన దాంట్లో రంగు గట్టు బొమ్మ గీతను బట్టి పోతుంది. యంత్రానిదైతే గట్టు ఒకవైపు, గీత ఇంకోవైపు.

గోడ అయితే మన ఎండను తట్టుకోవాలి. పడమటి గోడ వద్దు. ఉత్తరపు గోడో, వరండా లోపలి గోడో చూడండి. ఐరన్ ఆక్సైడ్ ఎరుపు, పసుపు, గోధుమ రంగులు వెలవవు. మెరిసే గులాబీలు, కొన్ని ఎరుపులు రెండు వేసవులకే వెలిసిపోతాయి. గోడకు చెమ్మ ఉంటే ముందు అది బాగుచేయించాకే రంగు.

కలిగిరి, వింజమూరు, దుత్తలూరు, ఉదయగిరి, ఆత్మకూరు హైస్కూళ్ల పూర్వ విద్యార్థులకు, సంక్రాంతి టోర్నమెంట్లు పెట్టే కుర్రాళ్లకు నా విన్నపం ఒక్కటే. వచ్చే పండక్కి నాయకుల ఫోటోలతో కట్టే ఫ్లెక్సీల్లో ఒకటి తగ్గించండి. ఆ డబ్బుతో మీ ఊళ్లో బ్రష్షు పక్కన పెట్టిన ఆర్టిస్టు ఇంటికి వెళ్లి, "అన్నా, బడి గోడ మీద సి.కె. నాయుణ్ని గీయాల" అని అడగండి. అడ్వాన్సు చేతిలో పెట్టండి. రెండో కోటింగు ఆరేదాకా ఆగండి.